అరవై గీత: తొలి ఉద్యోగంలో మార్కుల లెక్క

ఇంజినీరింగ్ మూడో ఏడాది చివర్లో ప్లేస్‌మెంట్ సెల్ నుంచి వాట్సాప్ గ్రూపులోకి మెసేజ్‌లు రావడం మొదలవుతుంది. కంపెనీ పేరు, ప్యాకేజీ, రిజిస్ట్రేషన్‌కు చివరి తేదీ, ఆ కింద ఒక లైను: పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం ఉండాలి, యాక్టివ్ బ్యాక్‌లాగ్స్ (ఇంకా పాస్ కాని సబ్జెక్టులు) ఉండకూడదు. కొందరు ప్యాకేజీ చూసి లింకు నొక్కేస్తారు. కొందరు ఆ ఆఖరి లైను చదివి ఫోన్ పక్కన పెట్టేస్తారు.

ఇంట్లో మాత్రం ఈ విషయం మీద రెండు మాటలు నడుస్తుంటాయి. "ఈ రోజుల్లో మార్కులు ఎవడు చూస్తున్నాడు, స్కిల్స్ ఉండాలి గానీ" అని పదేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బాబాయ్ అంటాడు. "డిస్టింక్షన్ లేకపోతే ఏ కంపెనీ పిలుస్తుందిరా" అని నాన్న అంటాడు. బాబాయ్ తన నాలుగో ఉద్యోగం, ఐదో ఉద్యోగం గురించి చెబుతున్నాడు. అక్కడ నిజంగానే ఎవరూ మార్కులు అడగరు. నాన్న తన రోజుల్లో చూసింది చెబుతున్నాడు. తొలి ఉద్యోగం వెతుక్కునేవాళ్ల పరిస్థితి ఈ రెండింటిలోనూ లేదు.

వాళ్ల విషయంలో మార్కులు ఒక గీత దగ్గర మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి. ఆ గీత దాటితే వాటి విలువ చాలా వేగంగా పడిపోతుంది. ఆ గీత ఎక్కడుందో, ఎందుకుందో, ఏ ఉద్యోగానికి ఎలా మారుతుందో సరిగా తెలియకే ఒకరు అక్కర్లేని టెన్షన్ పడుతున్నారు, ఇంకొకరు అక్కర్లేని ధీమాతో ఉంటున్నారు.

గీత ఎందుకు గీస్తారు

2021–22 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్ ఒక్కటే లక్ష మందికి పైగా ఫ్రెషర్లను చేర్చుకుంది. అంతమందిని తీసుకోవాలంటే అంతకు ఎన్నో రెట్ల దరఖాస్తులు వడపోయాలి. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడటం అయ్యే పని కాదు. పైగా దరఖాస్తు పెట్టినవాళ్లెవరికీ చేసిన పని అంటూ ఇంకా ఏమీ లేదు. ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడటానికి కంపెనీకి దొరికేది మార్కుల మెమో ఒక్కటే.

దీని వెనక ఉన్న ఆలోచనను మైఖేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త 1973లోనే వివరించాడు. ఆ కృషికి 2001లో మరో ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ వచ్చింది. తాను ఎంత పనిమంతుడో అభ్యర్థికి తెలుసు, కంపెనీకి తెలియదు. అందుకే కంపెనీ ఏదో ఒక గుర్తు కోసం చూస్తుంది. పట్టా సంపాదించడం సమర్థులకు కొంత తేలిక, మిగతావాళ్లకు కష్టం. కాబట్టి ఆ చదువు వల్ల కొత్త పనితనం ఏమీ రాకపోయినా సరే, అది గుర్తుగా చెల్లుతుందని ఆయన వాదన. 60 శాతం అడిగే కంపెనీ లెక్క కూడా ఇదే. థర్మోడైనమిక్స్‌లో నీకెన్ని వచ్చాయో వాళ్లకు అక్కర్లేదు. నాలుగేళ్లు పరీక్షలు తప్పకుండా రాసి బయటపడ్డవాడు మన ట్రైనింగ్ కూడా పూర్తి చేస్తాడన్న నమ్మకం వాళ్లకు కావాలి, అంతే.

గీత ఉన్నదే ఈ పనికి కాబట్టి 62 శాతానికీ 85 శాతానికీ మధ్య తేడాను సర్వీస్ కంపెనీలు (వేరే సంస్థలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేవి) పెద్దగా పట్టించుకోవు. టీసీఎస్ నియామకాలే చూడండి. ఒకే పరీక్ష, ఒకే అర్హత. అందులోంచి వచ్చే ఆఫర్లు మాత్రం మూడు రకాలు. నింజా అయితే ఏడాదికి మూడున్నర లక్షల లోపు, డిజిటల్ అయితే దాదాపు ఏడు లక్షలు, ప్రైమ్ అయితే ఇంకా ఎక్కువ. ఎవరు ఏ ఆఫర్‌లో పడతారన్నది పరీక్షలో, ఇంటర్వ్యూలో తేలుతుంది. కాలేజీ మార్కులు రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతాయి. 62 శాతం ఉన్న అమ్మాయి కోడింగ్ బాగా రాసి, 85 శాతం ఉన్న క్లాస్‌మేట్‌కు రెట్టింపు జీతంతో చేరొచ్చు.

కానీ అదే అమ్మాయికి 59.8 ఉంటే, కచ్చితంగా 60 శాతం అడిగేచోట పరీక్ష హాల్లోకే రానివ్వరు.

ఒక్క మార్కు ఎంత దూరం పోతుంది

ఈ 59.8 ఎలా వస్తుందో ఒక మెమో ముందు పెట్టుకుని చూద్దాం. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో సీజీపీఏను (పది పాయింట్లకు లెక్కేసే సగటు గ్రేడును) శాతంగా మార్చాలంటే అందులోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. అంటే 60 శాతానికి 6.5 సీజీపీఏ కావాలి. నాలుగేళ్లకు 160 క్రెడిట్లు (ఒక్కో సబ్జెక్టుకు ఇచ్చే బరువు) అనుకుందాం. ఒక విద్యార్థికి అన్నీ కలిపి 1,037 గ్రేడ్ పాయింట్లు వచ్చాయి. 160తో భాగిస్తే 6.48. శాతంలో 59.8.

ఇప్పుడు ఇందులో మూడు క్రెడిట్ల సబ్జెక్టు ఒకటి తీసుకోండి. అందులో 59 మార్కులు వచ్చి బీ గ్రేడు పడింది, అంటే 6 పాయింట్లు. ఇంకొక్క మార్కు వచ్చి 60 అయ్యుంటే బీ ప్లస్, 7 పాయింట్లు. మూడు క్రెడిట్లకు మూడు పాయింట్లు పెరుగుతాయి. 1,037 కాస్తా 1,040 అవుతుంది. భాగిస్తే సరిగ్గా 6.50. శాతం సరిగ్గా 60. నాలుగేళ్లలో రాసిన పరీక్షలన్నింటిలో, ఒక్క సబ్జెక్టులో, ఒక్క మార్కు. గీత దగ్గర ఉన్నవాళ్లకు మార్కు విలువ అంత. 8.2 ఉన్నవాళ్లకు అదే మార్కు వచ్చినా పోయినా ఎవరికీ పట్టదు.

రౌండ్ చేసి 60 అని నింపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. చాలా నోటిఫికేషన్లలో రౌండింగ్ కుదరదని ముందే రాసి ఉంటుంది. చేరాక సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో తేడా దొరికితే వచ్చిన ఉద్యోగమే పోతుంది.

యూనివర్సిటీని బట్టి కూడా లెక్క మారుతుంది. కాకినాడ జేఎన్‌టీయూ ఆర్20 నిబంధనల్లో (2020లో మొదలైన రెగ్యులేషన్) 0.5 బదులు 0.75 తీసేయాలి. అక్కడ అదే 6.5 సీజీపీఏ 57.5 శాతం అవుతుంది. ఒకే తెలివి, ఒకే కష్టం ఉన్న ఇద్దరు, గోదావరికి ఒకరు ఇటు, ఒకరు అటు చదివినందుకు ఒకరు అర్హులు, ఒకరు కారు. అందుకే నోటిఫికేషన్‌లో మాటలు జాగ్రత్తగా చదవాలి. '60 శాతం లేదా 6 సీజీపీఏ' అని ఉంటే 6.48 ఉన్నవాళ్లు నిశ్చింతగా దరఖాస్తు పెట్టొచ్చు. ఒట్టి '60 శాతం' అని ఉంటే మీ రెగ్యులేషన్‌లోని సూత్రం ప్రకారం లెక్కేసుకోవాల్సిందే. శాతం లెక్క తప్పుగా వేసుకుని, అర్హత ఉండి కూడా అప్లై చేయనివాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఇంకో సంగతి. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్22 నిబంధనల్లో వందకు 40 మార్కులు ఇంటర్నల్స్‌వి. మిడ్స్, అసైన్‌మెంట్లు అంటే లెక్కలేకుండా తిరిగి, చివరి పరీక్షకు వారం ముందు పుస్తకం పట్టుకునేవాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఈ ఒకటి రెండు మార్కులనే.

బ్యాక్‌లాగ్స్ మాటకొస్తే, తక్కువ సీజీపీఏ కన్నా ఇవే ఎక్కువ దెబ్బ తీస్తాయి. 7.4 ఉండి ఎం-3 (మూడో లెక్కల పేపరు) మిగిలిపోయినవాడు, 6.6 ఉండి అన్నీ క్లియర్ అయినవాడు ఉంటే చాలాచోట్ల డ్రైవ్‌లో (క్యాంపస్ నియామకంలో) కూర్చునేది రెండోవాడు. యాక్టివ్ బ్యాక్‌లాగ్ అంటే ఇప్పటికి పాస్ కానిది. బ్యాక్‌లాగ్ హిస్టరీ అంటే ఒకసారి తప్పి తర్వాత పాసైనది. హిస్టరీ కూడా ఉండకూడదనే కంపెనీలు తక్కువ. యాక్టివ్ ఉండకూడదనేవి దాదాపు అన్నీ, మహా అయితే దరఖాస్తు నాటికి ఒకటి ఉంటే ఊరుకుంటాయి. అందులోనూ సప్లీ రిజల్ట్స్ ఆలస్యమైతే డ్రైవ్ తేదీ నాటికి మెమోలో ఆ సబ్జెక్టు ఫెయిల్ గానే ఉంటుంది. కాబట్టి మూడో ఏడాదిలో ఉన్నవాళ్లు సీజీపీఏ 7.1ని 7.3 చేయడానికి పడే పాట్లు మాని, ముందు మిగిలిన సబ్జెక్టు ఏదుంటే అది క్లియర్ చేసుకోవాలి.

పదో తరగతి మార్కులు ఇరవై రెండేళ్లకా?

ఈ మొత్తం పద్ధతిలో నాకు ఎంత ఆలోచించినా న్యాయం కనిపించనిది 'త్రూఅవుట్ 60', అంటే పదో తరగతి నుంచి బీటెక్ దాకా అన్నిటా 60 ఉండాలన్న మాట. బీటెక్ మార్కులు అడగడానికి ఒక కారణం ఉంది. ఇరవై రెండేళ్ల మనిషిని, పదిహేనేళ్లప్పుడు రాసిన పరీక్షతో కొలవడానికి కారణం ఏముంది? ఊళ్లో తెలుగు మీడియం బడిలో, లెక్కల టీచర్ సగం ఏడాది లేకుండా చదివి 58 శాతంతో పాసై, పాలిటెక్నిక్‌లో తేలి, ఈసెట్ (డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష) రాసి రెండో ఏడాది బీటెక్‌లో చేరి 8 సీజీపీఏ తెచ్చుకున్న పిల్లలు ఉన్నారు. మెరుగుపడుతూ వచ్చారనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి? ఆ రుజువును చూడకుండానే కంప్యూటర్ వాళ్ల దరఖాస్తును పక్కన పడేస్తుంది.

2020లో కరోనా వల్ల రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రద్దయ్యాయి, అందరినీ పాస్ చేశారు. ఆ పిల్లలు ఇంటర్ తర్వాత నేరుగా బీటెక్‌లో చేరి ఉంటే 2026లో బయటికొస్తారు. 2021 బ్యాచ్‌దీ అదే కథ. పబ్లిక్ పరీక్షలు పూర్తిగా రాయని బ్యాచ్ దగ్గర కూడా పదో తరగతి శాతం అడుగుతున్నారంటే, ఆ గడి అలవాటు కొద్దీ ఫారంలో మిగిలిపోయిందనే అనుకోవాలి. కంపెనీలు దాన్ని తీసేయాలి. తీసేస్తే వాళ్లకు పోయేది కూడా ఏమీ లేదు, ఎలాగూ తర్వాత పరీక్ష పెడుతున్నారు కదా.

ఇంకో తేడా కూడా ఉంది. ప్రభుత్వ రంగంలో గీత ఉన్నచోట సడలింపు కూడా ఉంటుంది. రిజర్వ్ బ్యాంక్ గ్రేడ్ బీ జనరల్ ఆఫీసర్ పోస్టుకు డిగ్రీ అర్హతతో వెళ్తే 60 శాతం కావాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 50 చాలు. ప్రైవేటు క్యాంపస్ గీతకు అలాంటి సడలింపు సాధారణంగా ఉండదు. ఏ ఇంటి నుంచి వచ్చినా, ఏ బడి నుంచి వచ్చినా ఒకే అంకె.

గీత దాటాక

పరీక్ష రాసి ఇంటర్వ్యూ దాకా వచ్చాక మార్కులు మళ్లీ ఒకసారి తలుపు తడతాయి, అదీ ఊహించని వైపు నుంచి. మెమోలో డీబీఎంఎస్‌కు (డేటాబేస్ సబ్జెక్టుకు) 'ఓ' గ్రేడు, అంటే అన్నిటికన్నా పై గ్రేడు, కనిపిస్తే ప్యానెల్‌లో కూర్చున్నాయన అక్కడే మొదలుపెడతాడు. "ప్రైమరీ కీకి, యూనిక్ కీకి తేడా ఏంటి? రెండు టేబుల్స్ ఇస్తాను, లెఫ్ట్ జాయిన్ రాయి." బట్టీపట్టి 'ఓ' గ్రేడు తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ తడబడితే, మామూలు గ్రేడు ఉన్నవాళ్లు తడబడినదానికన్నా ఎక్కువ నష్టం. మెమో ఒకటి చెబుతోంది, మనిషి ఇంకొకటి చెబుతున్నాడు అనిపిస్తుంది కాబట్టి. తక్కువ మార్కులున్నవాళ్లను "మూడో సెమ్‌లో ఇంత పడిపోయిందేంటి?" అని అడుగుతారు. ఇంట్లో ఇబ్బందో, ఆరోగ్యమో, చదవకపోవడమో, ఉన్నది రెండు వాక్యాల్లో చెప్పి, తర్వాతి సెమిస్టర్లలో ఎలా పుంజుకున్నారో చూపిస్తే చాలు.

ప్రొడక్ట్ కంపెనీల్లో (సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాటిలో) గీత కాస్త పైన ఉంటుంది. 7, 7.5, ఒక్కోచోట 8 కూడా అడుగుతారు. దాటాక మాత్రం అక్కడ మార్కుల మాటే రాదు, రౌండు తర్వాత రౌండు కోడింగే.

మార్కులకూ ఉద్యోగంలో పనితనానికీ అసలు సంబంధం ఉందా? కొంత ఉంది. 1996లో ఫిలిప్ రాత్, ఆయన సహ పరిశోధకులు అంతకుముందు వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. మార్కులకూ పనితనానికీ ఓ మోస్తరు సంబంధం కనిపించింది. చదువు ముగిసిన మొదటి ఏడాదిలో అది కాస్త బలంగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ సన్నబడుతూ పోయింది. 2013లో గూగుల్ హెచ్‌ఆర్ అధిపతి లాజ్లో బాక్ ఒక ఇంటర్వ్యూలో జీపీఏ నియామకాలకు పనికిరాదన్నాడు. ఆ మాట మన దగ్గర కూడా తెగ తిరిగింది. కానీ ఆయన ఆ వాక్యంలోనే, అప్పుడే కాలేజీ నుంచి వచ్చినవాళ్ల విషయంలో మాత్రం కొద్దిపాటి సంబంధం ఉందని కూడా చెప్పాడు. ఆ రెండో సగాన్ని ఎవరూ షేర్ చేయలేదు. ఫ్రెషర్లకు కావాల్సింది ఆ రెండో సగమే.

సర్కారీ కొలువుల లెక్క వేరు

ఇక్కడ ప్రతి పోస్టుకూ ఒక తర్కం ఉంది, కొన్ని వింతగా కూడా ఉంటాయి. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి పరీక్షే లేదు, పదో తరగతి మార్కులతోనే మెరిట్ లిస్టు తయారవుతుంది. ఎంటెక్ చేసినా ఆ మార్కులు తక్కువుంటే రాదు. సివిల్స్‌కు, ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ గ్రూప్-1, గ్రూప్-2లో అత్యధిక పోస్టులకు, బ్యాంకు పీవోలకు డిగ్రీ పాసైతే చాలు, శాతంతో పని లేదు. అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాళ్లూ యూనివర్సిటీ టాపరూ అక్కడ ఒకే బెంచీ మీద మొదలుపెడతారు. నా ఉద్దేశంలో మన ప్రాంతంలో పోటీ పరీక్షలకు అంత పిచ్చి ఉండటానికి ఇదీ ఒక కారణం. పాత మార్కులను ఎవరూ తవ్వరు.

ఇస్రోలో సైంటిస్ట్/ఇంజినీర్ పోస్టుకు బీటెక్‌లో 65 శాతం లేదా 6.84 సీజీపీఏ అడుగుతారు. గేట్ స్కోరుతో తీసుకునే ప్రభుత్వరంగ సంస్థల్లో చాలావాటికి డిగ్రీలో 60 లేదా 65 శాతం గీత ఉంటుంది. గేట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని, డిగ్రీ శాతం చాలక ఆగిపోవడం కన్నా బాధ ఏముంటుంది? కోచింగ్‌కు డబ్బు కట్టే ముందే పాత నోటిఫికేషన్ తీసి ఆ ఒక్క లైను చదవండి. టీచింగ్ వైపు వెళ్లేవాళ్లకు కూడా ఇంతే. బీఈడీలో చేరడానికి డిగ్రీలో 50 శాతం, పీజీ అర్హతతో యూజీసీ నెట్ రాయాలంటే అందులో 55 శాతం. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంది.

చిన్న కాలేజీ, పెద్ద గీత

మార్కులు అందరికీ ఒకేలా పనిచేయవు. పేరున్న కాలేజీలో చదివేవాళ్లకు కాలేజీ పేరే సగం గుర్తు. అన్నయ్యో, అక్కో కంపెనీలో ఉంటే రెఫరల్ దొరుకుతుంది. ఇవేవీ లేకుండా, క్యాంపస్‌కు నాలుగు కంపెనీలు కూడా రాని కాలేజీలో, ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్లకు మెమో తప్ప వేరే సిఫారసు లేదు. "మార్కులదేముంది" అన్న సలహా వాళ్లకు చెప్పడం అన్యాయం. వాళ్లకు 7 దాటిన సీజీపీఏ, సున్నా బ్యాక్‌లాగ్స్ అనేవి కనీస రక్షణ. అంతకుమించి పెట్టే సమయం మాత్రం కోడింగ్‌కు, ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి, ఒక మంచి ప్రాజెక్టుకు వెళ్లాలి. 7.5ను 8.5 చేసే కష్టంతో పోలిస్తే, అదే కష్టం అక్కడ ఎక్కువ ఫలిస్తుంది. విదేశాల్లో ఎంఎస్ అనుకునేవాళ్లకు మాత్రం ఈ మాట వర్తించదు, అడ్మిషన్‌కు ప్రతి పాయింటూ లెక్కే.

మార్కెట్ కూడా చూసుకోవాలి. లక్ష మందిని తీసుకున్న అదే టీసీఎస్‌లో 2023–24లో మొత్తం ఉద్యోగుల సంఖ్య 13 వేలకు పైగా తగ్గింది. ఉద్యోగాలు తగ్గిన ఏడాది వడపోత బిగుస్తుంది, పెరిగిన ఏడాది వదులవుతుంది. అదే మెమో ఒక బ్యాచ్‌కు చాలుతుంది, రెండేళ్ల తర్వాతి బ్యాచ్‌కు చాలదు. ఉద్యోగం రాని పిల్లలను "నీ మార్కుల వల్లే" అని తిట్టే ముందు ఇంట్లోవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

ఇప్పటికే గీత కింద ఉన్నవాళ్లు ఏం చేయాలి? చివరి సెమిస్టర్ మిగిలుంటే పైన చేసినట్టు క్రెడిట్ల లెక్క వేసి, ఏ సబ్జెక్టులో ఎంత వస్తే దాటుతారో కాగితం మీద రాసుకోండి. చాలాసార్లు అనుకున్నంత దూరం ఉండదు. డిగ్రీ అయిపోయి ఉంటే పెద్ద కంపెనీల పోర్టళ్లలో పదే పదే రిజెక్ట్ అవుతూ ఏడాది పోగొట్టుకోకండి, చదువులో గ్యాప్ రెండేళ్లు దాటితే అది ఇంకో గీత అవుతుంది. యాభై, వంద మంది ఉండే చిన్న కంపెనీలు, స్టార్టప్‌లు చాలావరకు శాతం అడగవు, పని ఇచ్చి చేసి చూపించమంటాయి. జీతం తక్కువైనా అక్కడ చేరండి. అమీర్‌పేటలో ఎవరో అమ్మే ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ జోలికి మాత్రం పోవద్దు. పీఎఫ్ రికార్డు, పాత కంపెనీకి ఒక ఫోన్ కాల్, ఈ రెండింటితో అది బయటపడుతుంది. ఒకసారి పట్టుబడితే అదే కంపెనీలో మళ్లీ అడుగు పెట్టనివ్వరు. చిన్న కంపెనీలో నిజంగా చేసిన రెండేళ్ల పని చేతిలో ఉంటే, తర్వాత చాలా కంపెనీలు అడిగే మొదటి ప్రశ్న ఇప్పుడు ఏం పని చేస్తున్నావనే.